రంగరాజన్ పెంచిన గడ్డి

రంగరాజన్ ముప్పై ఏళ్లు కోవిల్‌పట్టి నుంచి ఏళాయిరంపన్నైకి బస్సు తోలాడు. దారికి రెండు పక్కలా నల్లరేగడి, తుమ్మచెట్లు, ఎండ. మధ్యాహ్నం ట్రిప్పుల్లో చేతులు స్టీరింగు మీద ఉండగానే కళ్లముందు పచ్చగడ్డి పరుచుకునేది. దాని మీద మంచు మెరిసేది. కండక్టరు ఈల వేయగానే మాయమయ్యేది. ఈ సంగతి భార్య రుక్మణికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

రిటైరయ్యాక ఊరి చివర తన ఇంటి ముందు గడ్డి వేయించాడు. చాపల్లా చుట్టిన గడ్డి ఆటోలో వచ్చింది. రుక్మణి నవ్వింది. నాగలాపురం మిరపచేలలో పెరిగిన ఆమెకు గడ్డిని పీకడం తెలుసు గాని, పెంచడం ఎప్పుడూ వినలేదు.

ఐదు నెలలు గడ్డి కళకళలాడింది. తమిళ నెల ఆవణిలో పళ్లెమంత మచ్చ ఒకటి ఎండిపోయి కనిపించింది. వారం తిరిగేసరికి అది చాటంత అయింది, పక్కన మరో రెండు లేచాయి. రంగరాజన్ ఎరువు చల్లాడు. రోజుకు రెండుపూటలా నీళ్లు పెట్టాడు. మచ్చలు ఇంకా పెరిగాయి. అతనికి అన్నం సయించేది కాదు.

ఒక తెల్లవారుజామున గేటు ముందు ముగ్గు వేయడానికి రుక్మణి చెప్పుల్లేకుండా గడ్డి దాటుతోంది. మచ్చ అంచున, ఇంకా పచ్చగా ఉన్నచోట, పాదం మెత్తగా దిగింది. ఆగి భర్తను పిలిచింది.

"ఇక్కడ కాలు పెట్టి సూడండి. బొంత తొక్కినట్టుండాది."

అక్కడ పచ్చగానే ఉంది కదా అన్నాడతను.

"పైన పచ్చ. కింద వేరు లేదు. మీరేమో నీళ్లు పోస్తా ఉండారు. యాడనుంచి తాగుతాది?"

వంగి గుప్పెడు పట్టి లాగింది. గడ్డి చప్పుడు లేకుండా చాపలా లేచివచ్చింది. కింద తడిమట్టిలో తెల్లటి పురుగులు ముడుచుకుని పడుకున్నాయి. వేరుపురుగు. చిన్నప్పుడు తన నాన్న చేలో మిరపమొక్కలు నిలబడ్డచోటే వాడిపోయేవనీ, నాన్న దున్నుతుంటే ఈ పురుగుల కోసం పక్షులు నాగలి వెంటే నడిచేవనీ చెప్పింది.

ఆ రోజే మచ్చలన్నీ పెళ్లగించారు. గోరింకలు దిగాయి. అవి బెదరకుండా రంగరాజన్ అరుగు మీద కదలకుండా కూర్చున్నాడు. మిగిలిన పురుగుల్ని ఇద్దరూ ఏరి సబ్బునీళ్ల బకెట్లో వేశారు. మట్టిలో వేపపిండి కలిపారు. బాగున్న చోటినుంచి గడ్డి తీగలు తెంచి, మిరపనారు నాటినట్టు రుక్మణి ఒక్కొక్కటే నాటింది. తడిపి ఊరుకోమని భర్తకు గట్టిగా చెప్పింది.

తర్వాత రోజూ పొద్దున్నే అతను అక్కడే కూర్చునేవాడు. ఆ మసక వెలుతురులో నేలంతా ఒకే రంగులో కనిపించేది. తను చూస్తున్నది గడ్డినో, తన ఆశనో అతనికి తెలిసేది కాదు. ఐప్పసి నెల వానలు పడ్డాయి. ఒకరోజు వేలితో తాకితే మొలక నిజంగానే తగిలింది.

కార్తీకానికి మచ్చలు కలిసిపోయాయి. గేటు దగ్గరిది ఒక్కటి మాత్రం పచ్చబడలేదు. అతను దాన్ని పట్టించుకోలేదు. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం గడ్డి మీద ఒరిగి నిద్రపోయాడు. రుక్మణి తొడిమలు తీయడానికి మిరపకాయల చాట తెచ్చుకుని మొదటిసారి గడ్డి మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

అతను కళ్లు సగం తెరిచి, ఇంకా బస్సులోనే ఉన్నట్టు, ఎక్కడికి వచ్చామని అడిగాడు.

"యాడికీ రాలేదు, పడుకోండి," అంది రుక్మణి.