వలిసెల సంచీ మీద వాలిన పిట్టలు

నా చిన్నప్పుడు అమెరికాలో, మోరిస్‌విల్‌లో, మా ఇంటి వెనక చెక్క డెక్ మీద, నేను గోల్డ్‌ఫించ్ పిట్టలకు సెక్యూరిటీ గార్డుని. జీతం లేదు, యూనిఫారం లేదు, తెలివి అసలే లేదు. సన్నటి నల్ల గింజలు నింపిన వల సంచీ ఒకటి నాన్న అక్కడ వేలాడదీశాడు. వేసవంతా దాని మీద పసుపు ముద్దల్లాంటి పిట్టలు, నల్ల టోపీ, నల్ల రెక్కలతో వాలేవి.

ఆకులు రాలడం మొదలైన రోజుల్లో మా అమ్మమ్మ ఆరు నెలలుండడానికి వచ్చింది. తాతయ్య పోయాక రావడం అదే మొదలు. అంతకుముందు వచ్చిన అమ్మమ్మకి పసుప్పచ్చ చీర, రూపాయి కాసంత బొట్టు ఉండేవి. ఈసారి ఎయిర్‌పోర్ట్‌లో దిగినావిడకి బూడిద రంగు చీర, బోసి నుదురు. ఈవిడ మా అమ్మమ్మ కాదని కార్‌లో అందరికీ వినపడేలా అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత ఆవిడ పక్కన కూర్చోలేదు, ఆవిడ చేతి ముద్ద తినలేదు.

గింజల సంచీ చూసి మాత్రం ఆవిడ నవ్వింది. ఇవి మన వలిసెలేనే, అరకు కొండల నిండా పూస్తాయి, అని అమ్మతో అంది. అయితే వలిసెలకు మనకన్నా ముందే వీసా దొరికిందన్నమాట, అన్నాడు నాన్న.

చలి ముదిరేసరికి పసుపు పిట్టలు మాయం. మట్టిరంగు పిట్టలేవో గుంపుగా వచ్చి గింజలు తినసాగాయి. నావి తిరిగొచ్చేసరికి ఒక్క గింజైనా మిగలదని నాకు ఒళ్ళు మండింది. స్కూల్ నుంచి రాగానే పళ్ళెం మీద గరిటెతో వాయించి తరిమేవాణ్ణి.

మంచు గడ్డకట్టి స్కూల్‌కి సెలవిచ్చిన ఒక పొద్దున్న అలాగే వాయిస్తున్నాను. అమ్మమ్మ శాలువా కప్పుకుని బయటికొచ్చి నా గరిటె పట్టుకుంది.

"ఎవర్ని తరుముతున్నావురా?"

"ఇవి నావి కావు. నావి పసుపువి."

ఆవిడ నా గడ్డం పట్టుకుని కంచె వైపు తిప్పింది. పారిపోతున్న పిట్ట గాల్లో పైకి లేచి, కిందికి జారి, కూస్తూ మళ్ళీ లేస్తోంది. వేసవిలో నా పిట్టలూ అచ్చం అలాగే ఎగిరేవి. నల్ల రెక్క మీద తెల్ల చారలూ అవే. నేను స్కూల్లో ఉన్న వేళల్లో ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుని, వాటి ఒంటి మీద పసుపు ఈక ఈకగా రాలిపోవడం చూసిందట.

"మళ్ళీ పసుపు రంగు వస్తుందా, అమ్మమ్మా?" అన్నాను. ఆవిడ వచ్చాక ఆ పిలుపు నా నోట రావడం అదే మొదటిసారి.

"వాటికొస్తుంది," అంది.

ఆ మాట అర్థమయ్యే వయసు కాదు నాది. ఆవిడ మొహం మాత్రం అర్థమైంది. ఆ మధ్యాహ్నం ఆవిడ చేతి ముద్దలు తిన్నాను, ఎన్నని అడక్కండి.

ఏప్రిల్‌లో, ఆవిడ ప్రయాణం దగ్గర పడ్డాక, పిట్టల గొంతుల కింద పసుపు మరకలు మరకలుగా మొదలైంది. నేను అమ్మ చీరల్లోంచి ఒక పసుప్పచ్చది లాగి, తెచ్చి అమ్మమ్మ ఒళ్ళో పెట్టాను. అమ్మ నన్ను కసరబోయి ఆగిపోయింది. అమ్మమ్మ దాన్ని చాలాసేపు నిమిరింది. మడత విప్పలేదు. తిరిగీ ఇవ్వలేదు. సూట్‌కేస్‌లో అన్నిటికన్నా పైన పెట్టుకుంది.

తర్వాత కట్టుకుందో లేదో నాకెవరూ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

హైస్కూల్ మధ్యలోనే చదువుకి ఓ దండం పెట్టినవాణ్ణి, పిట్టల పేర్లు ఇప్పటికీ తప్పుతాను. కానీ ఏటా చలికాలం వలిసెల సంచీ కడతాను. ఏది వాలినా తిననిచ్చి, ఎగిరేదాకా ఆగి చూస్తాను. గుర్తుపట్టలేనంత మారిపోయిన మనిషి గుమ్మంలో నిలబడినా అంతే. ముందు లోపలికి రమ్మంటాను.