రంపానికి ఆవకాయ కొలత

పెళ్లయిన కొత్తలో మేము సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో అద్దెకుండేవాళ్లం. ఒకరోజు ఉదయం చర్చిలో మా చెల్లెలి పెళ్లి. ముందురోజు గాలివానకు విరిగిన పెద్ద వేపకొమ్మ సరిగ్గా మా గేటుకు అడ్డంగా పడింది. కొట్టడానికి మనిషిని పిలుద్దామంటే మావారికి నామోషీ. స్నేహితుడి పెట్రోలు రంపం మోసుకొచ్చారు. రంపాల గురించి ఆయనకు తెలియనిది లేదు, ఎందుకంటే ఆయనకు స్కూటరుంది!

స్కూటరుకు లాగే రంపం పెట్రోలులోనూ టూ-స్ట్రోక్ ఇంజనాయిల్ కలుపుతుంటే ఇంటి ఓనరు హెచ్చరించారు. "జెర జూసి కలుపుండ్రి సారూ, ఎక్కువైతే పొగొస్తది."

"ఆవకాయకైనా ఇంజనుకైనా నూనె పైకి తేలాలండీ, లేకపోతే పాడైపోతాయి" అంటూ మావారు సీసా మొత్తం ఒంపేశారు.

తాడు లాగగానే పొగ వీధంతా కమ్మేసింది. రంపం నాలుగు దగ్గులు దగ్గి ప్రాణం విడిచింది. కొమ్మకు గీతైనా పడలేదు. ఎదురింటావిడ మాత్రం సంబరంగా కేకేసింది. "దోమల పొగ కొట్టేటోళ్లు వచ్చిండ్రు! తలుపులు తెరువుండ్రి!"

పట్టుచీర ఎత్తిపట్టుకుని కొమ్మెక్కి దూకాను. మా బట్టలకు పట్టిన పెట్రోలు బంకు వాసనకు చర్చిలో మా పక్కన ఒక్కరూ కూర్చోలేదు.

వారం తర్వాత ఎదురింటావిడ అదే కొమ్మ దాటుకుని వచ్చింది. "అన్నా, దోమలు మళ్ల షురూ అయినయ్. జెర మీ మిషన్ పెడ్తరా?"

మావారు గర్వంగా లేచి, "నూనె ఉందేమో చూడవోయ్" అన్నారు.

కోతలు కోయడానికి రంపంతో పనిలేదని నాకు అప్పుడే అర్థమైంది.