వరుస చివర చేర్చిన ముక్క

హిందూపురంలో గది అద్దెకు తీసుకుని, పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు సరఫరా చేసే ఒక చిన్న సంస్థలో చేరిన కొత్తలో, ధర్మవరం నుంచి నాయన రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగేవాడు.

“ఆడ నువ్వు ఏం పని జేస్తాండావు పాపా? వీధిలో అడుగుతాండారు.”

“కంప్యూటర్ పని నాయనా.”

“అది చెప్పినాలే. కంప్యూటర్లో ఏం పని?”

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. మగ్గం ముందు కూర్చుని నన్ను చదివించిన మనిషికి నా పని ఏమిటో చెప్పలేకపోవడం నన్ను బాధించేది.

ఒకరోజు విడిభాగాల పేర్లున్న ఫైలులో, ప్రతి వరుస చివరా అది ఏ గోదాములో ఉందో చేర్చమన్నారు. కంప్యూటరే వరుస వెంట వరుస చేసుకుపోయేలా ఒక షెల్ స్క్రిప్టు రాశాను. నడిపి చూస్తే గోదాము పేరు చివరికి పోకుండా, మొదటికొచ్చి విడిభాగం పేరు మీద కూర్చుంది. చాలాసేపటికి గానీ కారణం తెలియలేదు. ఆ ఫైలు మరో రకం కంప్యూటర్లో తయారైంది. ప్రతి వరుస చివరా కంటికి కనబడని గుర్తు ఒకటుండి, దాని తర్వాత వచ్చే అక్షరాలను తెరమీద మళ్లీ మొదటికి తోస్తోంది. ముందు ఆ గుర్తును తీసివేసి, ఆ తర్వాతే చేర్చమని స్క్రిప్టును సవరించాను. వరుసలన్నీ కుదురుగా నిలిచాయి. ఎవరికైనా చూపించాలని తల తిప్పాను. ఆఫీసు గదిలో ఎవరూ లేరు.

ఆ సాయంత్రం నాయన అడగకముందే చెప్పాను. “ఉన్న వరుసలను కదిలించకుండా, ఒక్కోదాని చివర చిన్న ముక్క చేర్చినా నాయనా.”

అటువైపు మగ్గం చప్పుడు ఆగింది.

“పాత పడుగు పోగులకు కొత్త పోగులు అతుకుతామే, అట్లనా?”

“అట్లే నాయనా!”

“ఇంతేనా! ఆడ గూడా పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకోని కూచుంటాండావా?” అని నవ్వి, పక్కింటాయనతో అన్నాడు: “ఏమప్పా, అడిగితివి గదా! మా పాప ఆడ అతుకులేస్తాండాది.”

“దానికి డిగ్రీ యాలప్పా? ఈడ అతికేవాళ్లు దొరక్క నా మగ్గం నిలబడిపోయుండాది, పంపీ!”

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“నాయనా, అందులో కనబడని గుర్తొకటి ఉండె...”

“ఉండు పాపా, పోగు తెగింది. తిన్నావా?”

“తింటా.”

ఫోన్ పెట్టేశాడు. మర్నాటి నుంచి ‘తిన్నావా’ అని మాత్రమే అడిగాడు. నేను ఏం పని చేస్తానో నాయనకు తెలియని రోజుల్లోనే మేము ఎక్కువసేపు మాట్లాడుకునేవాళ్లం.