పొట్టిక్క బుట్టల్లో పిస్టన్ పిన్నులు

పనసాకు ఆవిరి వాసన తగిలితే మా కోనసీమ వాళ్ళకి నోరూరుతుంది. నాకు మాత్రం ముందు కుడిచేతి బొటనవేలు జివ్వుమంటుంది, ఆ తరవాతే ఆకలి. ఈ ఉదయం రావులపాలెంలో వర్క్‌షాపు తలుపు తీస్తుంటే పక్క టిఫిన్ బండివాళ్ళు పాత్ర మూత ఎత్తారు. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీలు, అవే మా పొట్టిక్కలు, పొగలు కక్కుతూ బయటికొచ్చాయి. రెండు కొనుక్కున్నాను గానీ, కళ్ళముందు నిలిచింది నాలుగు పిస్టన్లూ, వాటి వెనక నవ్వు దాచుకుంటున్న దేవదానం గారూ. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన్ని ఎప్పుడూ చూడనివాళ్ళకి ఈ సంగతి చెప్పాలని అప్పట్నించీ నా ఆరాటం.

దేవదానం గారు మా షాపులో పెద్ద మెకానిక్కు. ఆదివారం లూథరన్ చర్చిలో పాటలకి గొంతు కలిపేవారు, తక్కిన ఆరు రోజులూ ఇంజిన్లకి చెవి ఒగ్గేవారు. చొక్కా జేబులో టెస్టర్ పక్కన ఎర్రటి గోళ్ళరంగు సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. "ఇదేంటండీ?" అనడిగితే, "ఆయ్, మా మనవరాలిదండి" అని మాట తప్పించేవారు. నేను ఆటోమొబైల్ డిప్లొమా చేసి, కాకినాడలో ఒక షోరూము కౌంటరు వెనక నాలుగేళ్ళు కూర్చుని, విసుగెత్తి ఇక్కడికి వచ్చాను. యజమాని సత్తిబాబు గారికి ఆడమనిషి చేతికి ఇంజిన్ అప్పగించడానికి మనసొప్పలేదు. "ఒక ఇంజిన్ విప్పి, మళ్ళీ కట్టి స్టార్ట్ చెయ్యండి కరుణ గారూ. అయితే ఉంటారు, లేకపోతే లేదండి" అని తేల్చేశారు. నా వంతుకు ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ గారి పాత తెల్లకారు వచ్చింది. మంగళవారానికి అది నడవాలి.

శనివారం పొద్దున్న నాలుగు పిస్టన్లనీ రాడ్లతో సహా బయటికి లాగాను. పిస్టన్‌నీ రాడ్డునీ కలిపి పట్టుకునేది లోపల బోలుగా ఉండే ఒక ఉక్కు పిన్ను. ఒక రాడ్డు వంగింది కాబట్టి నాలుగింటినీ విడదీసి సరిచూడాలి. పిన్నులకి అటూ ఇటూ ఉన్న క్లిప్పులు ఊడదీసి నేను సుత్తి అందుకున్నాను.

"సుత్తి అక్కడ పెట్టేయండమ్మా," అన్నారు దేవదానం గారు. "కొడితే పిన్ను వస్తుంది, దాంతోపాటు ఇంకో రాడ్డు వంగుతుంది. పిస్టన్‌కి కాస్త వేడి చూపించండి, అదే వదిలేస్తుంది."

వేడి చూపించడం అంటే ఆయన పద్ధతి వేరు. టిఫిన్ బండివాళ్ళు పక్కన పడేసిన ఆవిరి పాత్ర ఒకటి షాపు మూల ఉండేది. అందులో నీళ్ళు మరిగించి, చిల్లుల పళ్ళెం మీద పిస్టన్లని తలకిందులుగా నిలబెట్టి, పైన తడిగోనె కప్పారు. ఏది ఎన్నో నంబరో తెలిసేలా రాడ్లకి గుడ్డపేలికలు కట్టి ముడులు వేశాం. పావుగంట తరవాత మొదటిదాన్ని గుడ్డతో పట్టుకుని పిన్ను మీద బొటనవేలు ఆనించి నొక్కాను. పొట్టిక్క బుట్టలోంచి ఇడ్లీ జారినట్టు పిన్ను అవతలికి జారిపోయింది! నేను గట్టిగా కేకేశాను. నాలుగేళ్ళు కౌంటరు వెనక ఏం పోగొట్టుకున్నానో ఆ క్షణంలో తెలిసింది. నేను వెళ్ళి తెచ్చిన పనసాకులతో బుట్టలు కట్టి, ఊడిన పిన్నుల్ని వాటిలో వేసి, ఒక్కో బుట్టకి ఒకటి, రెండు, మూడు, నాలుగు ఈనెపుల్లలు గుచ్చి నంబర్లు పెట్టాం. అది కూడా ఆయన పద్ధతే.

నా కొంప ముంచింది ఆ బుట్టలే. ప్రతి శనివారంలాగే దేవదానం గారి ఇంటినుంచి మధ్యాహ్నం పొట్టిక్కలు వచ్చాయి, అచ్చం అలాంటి బుట్టల్లోనే. సంతోషంలో నాలుగు లాగించి, బల్ల మీది ఆకుబుట్టలన్నీ ఒక్క ఊపున చెత్తడబ్బాలోకి ఊడ్చేశాను. డబ్బాలోంచి ఠంగున శబ్దం వచ్చింది. నాలుగు పిన్నులూ కొబ్బరిచట్నీలో పొర్లుతున్నాయి. ఏది ఏ పిస్టన్‌దో చెప్పే దిక్కు లేదు. చూడ్డానికి నాలుగూ ఒక్కలాగే ఉన్నా, వెనకటి రిపేర్లలో ఎవరెవరో మార్చినవి, ఒక్కోటీ వెంట్రుకవాసి తేడా.

సరిగ్గా అప్పుడే సత్తిబాబు గారు లోపలికి వచ్చారు. "అంతా వరసలో ఉందాండీ?" అన్నారు. దేవదానం గారు నావైపు చూశారు. అవునంటే సరిపోతుంది, సత్తిబాబు గారికి పిన్నుల తేడా తెలియదు. "లేదండీ. పిన్నులు కలిపేశాను. తప్పు నాదే," అన్నాను.

సత్తిబాబు గారి మొహం ఎర్రబడింది. "నే ముందే అనుకున్నానండి," అని ఆయన ఇంకా ఏదో అనబోతుంటే దేవదానం గారు అడ్డొచ్చారు. "మంగళవారం దాకా ఆగండి బాబూ. చెప్పిన మనిషిని పంపేస్తే ఇక్కడ చెప్పనోళ్ళమే మిగుల్తాం." సత్తిబాబు గారు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

పాత్ర మళ్ళీ పొయ్యెక్కింది. "మీ వేలినే అడగండి," అన్నారు దేవదానం గారు. పిన్నులు కడిగి, తుడిచి, ఒక్కో వేడి పిస్టన్‌లో ఒక్కోటీ పెట్టి చూశాను. ఒకటి మధ్యలో బిగుసుకుంది. ఇంకోటి నొక్కకుండానే పడిపోయింది. ఒకటోదీ నాలుగోదీ తొందరగానే దొరికాయి. రెండూ మూడూ దగ్గర గంటసేపు తికమకపడ్డాను. పిస్టన్ చల్లారినప్పుడల్లా మళ్ళీ ఆవిరి, మళ్ళీ వేలు. చివరికి మూడోదాంట్లో పిన్ను ఒకే ఒత్తిడికి, ఆగకుండా, నా వేలితోపాటు నడిచింది. "ఇదేనండీ! ఇదే!" అని గెంతులేశాను.

దేవదానం గారు టార్చి ఇచ్చి, పిన్నుల బోలులోకి చూడమన్నారు. లోపల ఎర్రటి చుక్కలు! ఒకటోదాంట్లో ఒకటి, రెండోదాంట్లో రెండు, అలా నాలుగు దాకా. నా వేలు చెప్పిన వరసలో ఒక్కటీ తప్పలేదు. నేను పనసాకులకి వెళ్ళినప్పుడే గోళ్ళరంగుతో ఆయన చుక్కలు పెట్టేశారట.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మరి ముందే చెప్పొచ్చు కదండీ!"

"ఆ బాబు మిమ్మల్ని పంపేస్తానంటే చూపిద్దును. చెప్పేస్తే మీ వేలికి ఎలా తెలుస్తుందమ్మా?"

మంగళవారం తెల్లకారు ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. నేనిక్కడే ఉండిపోయాను. ఇప్పుడు పెద్ద మెకానిక్‌ని నేనే. ఎవరి చేతికైనా మొదటిసారి ఇంజిన్ ఇచ్చేముందు, వాళ్ళు టీకి వెళ్ళినప్పుడు పిన్నుల లోపల చుక్కలు పెడతాను. ఆ గోళ్ళరంగు మీదేనా అని మావాళ్ళు అడిగితే, అవునంటాను. ఇది చదివితే గుట్టు బయటపడుతుంది. అయినా పర్లేదు, చుక్కలు చూసుకోవచ్చని తెలిశాక కూడా ముందు బొటనవేలినే అడిగేవాళ్ళు ఎవరో నేనూ చూస్తాను.