దిండు మీది ఊరు

నా చిన్నప్పుడు మేము దోహాలో, ముషైరిబ్ పాత సందుల్లో ఉండేవాళ్ళం. మా పక్కింటావిడను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. ఆమెది పాలస్తీనా, అల్ ఖలీల్ కొండల్లో ఒక పల్లె. అక్కణ్ణించి వాళ్ళందరినీ తరిమేశారు. రాళ్ళ గట్లు కట్టి ఆలివ్ చెట్లు పెంచిన ఆ కొండను చేత్తో గాల్లో గీసి చూపించేది. అక్కడి ఆడవాళ్ళు తమ పొడుగు గౌనుల ఛాతీ మీద ఎర్రదారంతో కుట్టుపని చేసుకుంటారు. ఊరికొక కుట్టు. అది చూసి ఏ ఊరి పిల్లో చెప్పేసేవారట.

ఒక సాయంత్రం ఆమె వెంట సూక్‌కి, అదే అక్కడి పాత బజారుకి, వెళ్ళాను. ఒక దుకాణంలో యజమాని దిండు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఖాలా గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరిదో పాత గౌను ఛాతీ ముక్క కత్తిరించి ఆ దిండుకి గలీబు కుట్టారు. ఆ కుట్టు ఆమె ఊరిదే.

"యల్లా, లే. నువ్వు కూర్చున్నది మా ఊరి ఆడదాని గుండెల మీద," అంది.

అతను నవ్వాడు. జనం మూగారు. నాకు తల కొట్టేసినట్టయింది. గుడ్డముక్కే కదా ఖాలా, పద అంటూ ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

 ఆమె తిన్నగా మా ఇంటికి వచ్చి, అమ్మనడిగి మా అమ్మమ్మ వెంకటగిరి చీర తీయించింది. అమ్మమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఖాలా ఆ కొంగు ఒళ్ళో పరుచుకుని, జరీ బాగుంది, రెండు దిండ్లకు సరిపోతుంది అంటూ కత్తెర ఆనించింది. అమ్మ కదల్లేదు, మెదల్లేదు. నేనే ఎగబడి ఖాలా చెయ్యి కొరికేశాను. అది మా అమ్మమ్మదని గుక్కపట్టి ఏడ్చాను.

ఖాలా కత్తెర కింద పెట్టింది. పంటి గాట్లు తడుముకుంటూ, "ఈ కోపం పోనివ్వకు. నాకున్నదీ ఇదే," అంది.

మర్నాడు నేనే ఆమెను మళ్ళీ ఆ దుకాణానికి లాక్కెళ్ళాను. దిండు అమ్ముడైపోయిందన్నాడు. ఎవరికని అడిగితే, గుర్తులేదని భుజాలెగరేశాడు.

ఖాలా తన కొండను మళ్ళీ చూడకుండానే దోహాలోనే పోయింది. నాకిప్పుడు అరవై దాటాయి. టీవీలో ఆ కొండల మీద ఆలివ్ చెట్లు నరికేస్తుంటే చూస్తూ కూర్చుంటాను. ఎవరి చెట్లో మనకెందుకమ్మా, నీకసలే బీపీ, ఛానల్ మార్చు అంటాడు మా అబ్బాయి.

పెరగనీ. నేను మార్చను.