పదకొండు నిమిషాల గ్రహోదయం

ప్రొజెక్టరు గది కిటికీకి ముక్కు ఆనించి, జారిపోయే కళ్లద్దాలను చిటికెనవేలితో ఎగదోస్తూ నిలబడటం ఆపరేటరుగారి నిత్యానుష్ఠానం. ఈ వారం ఆయన ఆరాధ్యదైవం ఒక అంతరిక్ష చిత్రం. అందులో ఒంటరి వ్యోమగామి ఒక గ్రహం ఉదయించడాన్ని పదకొండు నిమిషాలపాటు మాటా పలుకూ లేకుండా చూస్తాడు. నాలుగో నిమిషానికి హాలులో ఈలలు మొదలవుతాయి. ఆరో నిమిషానికి మిషను చెడిందనుకొని మేనేజరు మెట్లెక్కి వస్తాడు. ఆయన ఆపరేటరుకు స్వయానా బావ.

"చెడలేదు బావా! అదిగో, అంచున వెలుగు పాకుతోంది."

"నత్తలకు పరుగుపందెం పెట్టినట్టుంది. రేపే తీసేస్తున్నాను."

"ఒక్కరైనా చివరిదాకా కూర్చుంటే?"

"వారమంతా నీ ఇష్టం, పో!"

ఆట ముగిసి ఇద్దరూ కిందికి దిగేసరికి, ఖాళీ కుర్చీల నడుమ ఒకే ఒక్క పెద్దమనిషి నోరు తెరిచి గుర్రుపెడుతున్నాడు. మేనేజరు పకపకా నవ్వాడు.

"పాలకడలిలో స్వామి పవ్వళిస్తే యోగనిద్ర అంటాం. ఈయనది మాత్రం నిద్రా?" అన్నాడు ఆపరేటరు తొణక్కుండా.

ఆ సందడికి పెద్దమనిషి ఉలిక్కిపడి లేచి, మేనేజరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడాదిగా కంటిమీద కునుకు లేదు నాయనా. రేపూ ఇదే బొమ్మేగా?"

మేనేజరు బావమరిది వంక చూడకుండా, "ఇదేనండీ," అని గొణిగాడు.