నేను చంపేసిన వనజ

నెల కిందట హన్మకొండలో ఒక పాత పుస్తకాల దుకాణంలో అట్ట చిరిగిన నవల ఒకటి కొన్నాను. తెరవగానే తడిసి ఆరిన కాగితం వాసన, దాని వెనకే కలరా ఉండల వాసన. ఈ ఏడాది నూట ఇరవై పుస్తకాలు చదువుతానని ఫోనులో చాటింపు వేసుకున్న దాన్ని, ముప్ఫై ఏళ్లుగా ఆ నవల మీద నలుగురికీ అభిప్రాయాలు చెబుతూ వచ్చిన దాన్ని, ఆ పుస్తకాన్ని పూర్తిగా చదవడం మాత్రం ఇదే మొదటిసారి. అందులో నాయిక వనజ చనిపోదు. పుస్తకం మూశాక, ఎవరూ లేని గదిలో కూడా తల ఎత్తలేకపోయాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా తెలుగు సారు, ఏడాదిలో ఎవరెన్ని నవలలు చదువుతారో చెప్పమన్నారు. ఒకరు పదన్నారు, ఒకరు పదిహేనన్నారు. నేను లేచి వంద అన్నాను. అన్నాక వెనక్కి తగ్గడానికి పౌరుషం అడ్డొచ్చింది. ప్రతి నవలకూ నోటుబుక్కులో అభిప్రాయం రాయాలి. మొదట్లో నిజంగానే చదివాను గానీ, వానలు ముదిరేసరికి మొదటి పది పేజీలూ చివరి రెండు పేజీలూ చూసి, "పాత్రలు సజీవంగా ఉన్నాయి, ముగింపు ఇంకా బాగుండాల్సింది" అని రాసేదాన్ని. నడుమ ఏముందో తెలియకుండానే ముగింపుకు వంక పెట్టేదాన్ని.

ఆ చదువంతా కొత్తవాడలో, మా పక్కింట్లోనే ఉండే పెదనాన్న, మా పెద్దబాపు, మగ్గం దగ్గర సాగేది. ఆయన నేల మీద పరిచే మందపాటి నూలు షత్రంజీలు నేసేవాడు. గది నిండా రంగు వేసిన నూలు వాసన, వాకిట్లో దండేల మీద ఆరే ఎర్ర, నీలి నూలు కట్టలు, గుమ్మం దగ్గర రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టే పెద్దమ్మ, ఆమె పక్కన గిన్నెలో వేయించిన పల్లీలు, బతుకమ్మ రోజులైతే పల్లీలకు బదులు సత్తుపిండి, మలీద ముద్దలు. పెద్దమ్మకు చదువు రాదు, నేను పైకి చదివితే వినేది, ఆమె ముందు పేజీలు దాటేయడానికి వీలుండేది కాదు. ఈ నవల్లో వనజ పస్తుంటే తనకూ ముద్ద దిగేది కాదు. నచ్చిన చోట మళ్లీ మళ్లీ చదివించుకునేది. పెద్దబాపు తనకేమీ పట్టనట్టే ఉండేవాడు గానీ, మంచి ఘట్టం వస్తే మగ్గం చప్పుడు ఆగేది.

రోజుకు పది పేజీలు కూడా సాగకపోతే నా వంద ఏం కావాలి? సద్దుల బతుకమ్మకు ముందురోజు, వనజ జ్వరంతో దవాఖానలో చేరే చోటికి వచ్చాం. ఇంకా నూట ఇరవై పేజీలున్నాయి. పుస్తకంలోకే చూస్తూ, అందులో లేని మాటలు చదివాను: "తెల్లవారేసరికి వనజ కన్నుమూసింది. సమాప్తం."

రాట్నం ఆగింది. మగ్గమూ ఆగింది.

"అయ్యో, గట్లెట్ల సచ్చిపోతది బిడ్డా? జర మళ్ల సూడు," అంది పెద్దమ్మ.

"గంతే పెద్దమ్మా, అయిపోయింది."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మర్నాడు బతుకమ్మ ఆడి వస్తూ వాడకట్టు ఆడవాళ్లందరికీ వనజ కథ చెబితే, పాపం, వాళ్లూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పక్కనే నేను మలీద ముద్ద తింటూ నడిచాను. పండగయ్యాక ఇంకో నవల తీస్తే, "వద్దు బిడ్డా, నువ్వే సదువుకో. నా మనసు ఆగుతలేదు," అంది. ఆ తర్వాత ఎన్నడూ నన్ను చదవమనలేదు. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, అప్పుడు నాకు బాధ కలగలేదు, అడ్డు తొలగిందనిపించింది. వంద పూర్తిచేశాను. సారు బడిలో అందరి ముందు పెన్ను బహుమతి ఇచ్చారు. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

మొన్న ఆదివారం పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. మగ్గం ఉన్న గదిని ఫోన్లు బాగుచేసే దుకాణానికి అద్దెకిచ్చారు. ఆ గల్లీలో ఒక్క మగ్గం చప్పుడూ వినిపించలేదు. పెద్దబాపు పోయి ఆరేళ్లయింది. మంచం మీద ఆమె పక్కన కూర్చుని, తల వంచుకుని జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బతికిందా? వనజ బతికిందా?"

చంటిపిల్లలా నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది.

"మీ పెద్దబాపు మంచాన వడ్డంక గూడ అడిగిండు బిడ్డా, గా పిల్ల ఎందుకు సచ్చిపోయిందని. ఒక్క మాట ఆయనకు సెప్పకపోతివి."